బస్సు ఏడుంబావుకి వస్తే ఎన్నింటికి పడుకోవాలి? పల్లెటూరి హైస్కూలు పిల్లల నిద్రను దారిలో పెట్టే పద్ధతి

ముందు ఓ చిన్న లెక్క వేద్దాం. స్కూలు బస్సు ఏడుంబావుకి రావిచెట్టు దగ్గరికొస్తుంది. స్నానం, జడలు, టిఫిను, క్యారేజీ సర్దుకోవడం, అన్నిటికీ కలిపి గంటంబావు తీసేయండి. అంటే ఆరింటికి లేవాలి. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ వయసు పిల్లలకి రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణులు చెబుతారు. పోనీ, ఎనిమిదిన్నర గంటలే అనుకున్నా రాత్రి తొమ్మిదిన్నరకి నిద్ర పట్టేసి ఉండాలి. తొమ్మిదిన్నరకి దుప్పటి దులుపుకోవడం మొదలెడితే లెక్క తప్పినట్టే.

ఇప్పుడు తొమ్మిదిన్నరకి మీ ఇంట్లో ఏం జరుగుతుంటుందో గుర్తు తెచ్చుకోండి. టీవీలో సీరియల్ నడుస్తుంటుంది. నాన్న అప్పుడే పొలం నుంచో టౌను నుంచో వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటాడు. అన్నాలు ఇంకా కాలేదు. పిల్లవాడు ఒక చేత్తో రికార్డు రాస్తూ రెండో చేత్తో ఫోను చూస్తుంటాడు. ఆ పూట వాడు పడుకునేసరికి పదకొండు దాటుతుంది. మర్నాడు ఆరింటికి వాడు లేవకపోతే మాత్రం "మొద్దునిద్ర" అంటాం.

పల్లెటూళ్ళో ఉదయం మన చేతిలో ఉండదు. పాలకేంద్రం టైము, కుళాయి వదిలే టైము, కూలీల ఆటో టైము, బస్సు టైము ఎవరి కోసమూ ఆగవు. మనం జరపగలిగింది రాత్రిని మాత్రమే. అదీ పిల్లవాడొక్కడే జరుపుకోలేడు, ఇల్లంతా కలిసి జరపాలి. దానికి మూడు వారాలు పట్టొచ్చు, ఓపికతో మొదలుపెట్టండి.

మొదటి వారం: ఏమీ మార్చకండి, రాయండి

గోడ మీది క్యాలెండర్ చాలు. ప్రతి తేదీ గడిలో పెన్సిల్‌తో రెండు అంకెలు వేయించండి: రాత్రి ఎన్నింటికి లైటు తీశారు, పొద్దున్న ఎన్నింటికి లేచారు. మధ్యాహ్నం ఇంట్లో పడుకుంటే దాని పక్కన ఓ చుక్క. రాసేది పిల్లలే అయితే మంచిది. మీరు రాస్తే అది హాజరుపట్టీ అయిపోతుంది, రెండో రోజు నుంచే అబద్ధాలు మొదలవుతాయి. ఆ వారం పాటు తిట్టడం, "చూశావా పన్నెండైంది" అనడం బంద్.

వారం అయ్యాక చూడాల్సినవి రెండు. స్కూలున్న రోజు ఐదున్నరకి లేస్తూ, ఆదివారం తొమ్మిదిన్నర దాకా లేవట్లేదంటే ఆ నాలుగు గంటల తేడా వారమంతా పేరుకున్న బాకీ. రెండోది, ఎవరూ లేపకుండా తనంతట తను లేచిన రోజు ఒక్కటైనా ఉందా? మూడుసార్లు పిలిస్తే గానీ లేవని పిల్లకి నిద్ర చాలట్లేదు.

"మా వాడికి నిద్ర బాధే లేదండీ, బస్సెక్కితే చాలు పడిపోతాడు" అని మురిసిపోయే తల్లిదండ్రులున్నారు. సీట్లో కూర్చోగానే పడిపోవడం ఆరోగ్యం కాదు, ఆకలిమీదున్నవాడు ఆవురావురుమని తినడం లాంటిదే.

తొమ్మిదింటికి నిద్ర ఎందుకు రాదు

యవ్వనం మొదలవగానే ఒంట్లో గడియారం ఆలస్యంగా తిరగడం మొదలెడుతుంది. చీకటి పడ్డాక మెదడు విడుదల చేసే మెలటోనిన్ అనే హార్మోను, "ఇక పడుకో" అని ఒంటికి కబురు పెడుతుంది. ఈ వయసులో ఆ కబురు గంట, రెండు గంటలు ఆలస్యంగా అందుతుంది. అమెరికాలోని బ్రౌన్ యూనివర్సిటీలో మేరీ కార్స్‌కాడన్ అనే శాస్త్రవేత్త దశాబ్దాలుగా దీన్నే పరిశీలించారు. ఎనిమిదేళ్ళప్పుడు అన్నం తింటూనే ఒళ్ళో వాలిపోయిన పిల్ల పద్నాలుగేళ్ళకి పదింటికి కూడా చలాకీగా ఉండడానికి కారణం ఇది. మొండితనం అనుకోకండి.

ఈ సంగతి తెలిశాకే అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2014లో హైస్కూళ్ళు ఎనిమిదిన్నరకి ముందు తెరవొద్దని సిఫారసు చేసింది. కాలిఫోర్నియా రాష్ట్రంలో 2022 నుంచి అది చట్టమైంది. మన దగ్గర అలాంటి చట్టం వస్తుందని ఎదురుచూడకండి. వచ్చినా పాలకేంద్రానికి వర్తించదు.

మనకి పనికొచ్చే కబురు వేరే ఉంది. ఈ గడియారం వెలుతురు చెప్పిన మాట వింటుంది. అర్జెంటీనాలోని చాకో ప్రాంతంలో తోబా అనే ఆదివాసీ జనం ఉన్నారు. వాళ్ళ ఊళ్ళలో కరెంటు ఉన్నదాన్నీ లేనిదాన్నీ పోల్చి చూసిన పరిశీలన ఒకటి 2015లో వచ్చింది. కరెంటు ఉన్నచోట జనం ముప్పావుగంట నుంచి గంట దాకా తక్కువ నిద్రపోతున్నారు. వాళ్ళేమీ పెందలాడే లేవట్లేదు, పడుకోవడమే ఆలస్యమైంది. మన ఊళ్ళలోనూ జరిగింది ఇదే. రాత్రంతా కరెంటు ఉంటోంది, 2016 తర్వాత చవక డేటా వచ్చింది, తెల్లవారుజాము పనులు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. మధ్యలో నలిగేది నిద్ర.

కాబట్టి సాయంత్రం వెలుతురు తగ్గించడం, పొద్దున్నే ఎండ తగలనివ్వడం, ఈ రెండిటితో ఆలస్యంగా నడిచే ఆ గడియారాన్ని కొంత ముందుకు తిప్పుకోవచ్చు.

రెండో వారం: అన్నం టైముతో మొదలుపెట్టండి

ఫోను జోలికి ముందే వెళ్ళకండి. గొడవవుతుంది, అక్కడితో ఆగిపోతుంది. అన్నం నుంచి మొదలుపెట్టండి.

పిల్లలకి ఏడున్నర, మహా అయితే ఎనిమిదింటికి అన్నం పెట్టేయండి. నాన్న వచ్చాక అందరం కలిసి తింటాం అనే ఇళ్ళలో ఇదే కష్టం. కలిసి తినడం మంచిదే, ఆదివారం తినండి. మిగతా రోజుల్లో ఆయన కోసం పిల్లలు కూర్చుంటే, అన్నం తొమ్మిదిన్నరకి, పడక పదిన్నరకి పోతుంది. రాత్రి భోజనంలో వేపుళ్ళు, పచ్చడి మితంగా, చివర్లో పెరుగన్నం ఉంటే చాలు. ఖాళీ కడుపుతో పడుకున్నా నిద్ర పట్టదు, హాస్టల్ పిల్లలు ఎవరైనా చెబుతారు.

అన్నం టైము కుదిరాక లైటు తీసే వేళని రెండు మూడు రోజులకోసారి పావుగంట చొప్పున ముందుకు జరపండి. పదకొండు నుంచి ఒక్కసారే తొమ్మిదిన్నరకి లాగితే పిల్ల పక్కమీద గంటన్నర పొర్లుతుంది, "నాకు నిద్ర రాదు" అని తేల్చేసుకుంటుంది. పావుగంట జరిపితే ఒంటికి తెలియదు.

ఒక్క గది ఇళ్ళలో అసలు చిక్కు టీవీ. పడుకునేదీ అక్కడే, సీరియల్ చూసేదీ అక్కడే. పిల్లల మంచం వసారాలోకో రెండో మూలకో మార్చడం, మంచాన్ని టీవీ తెర కనపడకుండా తిప్పడం, సౌండు తగ్గించడం, తొమ్మిదింటికి ట్యూబులైటు తీసి చిన్న బల్బు వేయడం, వీటిలో ఏవి కుదిరితే అవి చేయండి. అత్తగారి సీరియల్ ఆపమని చెప్పే ధైర్యం ఎవరికుంటుంది గానీ, "పదో తరగతి అయ్యేదాకా" అంటే చాలామంది నాయనమ్మలు ఒప్పుకుంటారు. నాయనమ్మ ఒప్పుకుంటే ఇల్లు ఒప్పుకున్నట్టే.

ఫోను రాత్రి ఎక్కడుండాలి

పడుకునే చోట కాకుండా ఇంకెక్కడైనా. వంటింట్లో మిక్సీ పక్కన ఒక ప్లగ్గు ఉంటుంది కదా, రాత్రి ఎనిమిదీ నలభై ఐదుకి ఇంట్లో ఫోన్లన్నీ అక్కడికి చేరాలి. నాన్న ఫోను కూడా. ఆయన పక్కలో పడుకుని పదకొండు దాకా రీల్స్ చూస్తూ కొడుక్కి నీతులు చెబితే ఆ నియమం వారం నిలవదు. రాత్రిపూట మోటారు గురించో గొడ్డు ఈనడం గురించో ఫోను వస్తుందంటే రింగు గట్టిగా పెట్టి అక్కడే ఉంచండి, వినిపిస్తుంది.

"అలారం కోసం కావాలి" అంటారు. బజారులో అలారం గడియారం చవగ్గా దొరుకుతుంది, ఒకటి కొనిపారేయండి. "హోంవర్కు వాట్సాప్‌లో పెడతారు" అంటారు. అది నిజమే. ఎనిమిది లోపు చూసి పుస్తకంలో రాసుకోమనండి, స్కూలు మీటింగుకి వెళ్ళినప్పుడు మెసేజీలు సాయంత్రం ఏడులోపు పెట్టమని టీచర్లని అడగండి. వాళ్ళకీ పిల్లలుంటారు, వింటారు.

మగపిల్లల గేముల సంగతి వేరు. దుప్పటి ముసుగు లోపల నీలం వెలుతురు కనిపిస్తుంటుంది, సౌండు సున్నా, బొటనవేళ్ళు మాత్రం కదులుతుంటాయి. వాడు ఒక్కడే ఆడట్లేదు. అదే వీధిలో ఇంకో ముగ్గురు అదే సమయానికి ఆన్‌లైన్‌లో ఉంటారు, మధ్యలో వదిలేస్తే మర్నాడు బస్సులో మాట పడాలి. ఆ ముగ్గురి ఇళ్ళవాళ్ళతో మాట్లాడి అందరూ ఒకే టైముకి ఫోన్లు తీసుకుంటే పని జరుగుతుంది. ఒక్క ఇంట్లో లాక్కుంటే పక్కింటి అన్న ఫోను దొరుకుతుంది. ఆట పూర్తిగా మాన్పించనక్కర్లేదు, సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా ఆడుకోనివ్వండి.

పక్క, దోమ, పాము

ఒంటి వేడి కాస్త తగ్గితేనే నిద్ర పడుతుంది. మార్చి నుంచి జూన్ దాకా మన స్లాబు ఇళ్ళూ రేకుల ఇళ్ళూ పగలు తాగిన ఎండని రాత్రి ఒంటిగంట దాకా కక్కుతూనే ఉంటాయి. పొద్దుగూకాక డాబా మీద నీళ్ళు చల్లడం, ఎండాకాలం మొదట్లో పైకప్పుకి తెల్లసున్నం కొట్టించడం, పడుకునే ముందు స్నానం చేయించడం పనిచేస్తాయి. ఆరుబయట నులకమంచం మీద నిద్రకి సాటి లేదు. డాబా మీద పడుకోబెట్టేట్టయితే మాత్రం పిట్టగోడ ఉందో లేదో చూడండి. నిద్రమత్తులో లేచి మూత్రానికి నడిచే పిల్లలకి అంచు కనపడదు.

దోమతెర ఖర్చు దండగ అనుకోకండి. దోమ కుడుతుంటే పిల్లలు పూర్తిగా మేలుకోకుండానే రాత్రంతా గోక్కుంటూ దొర్లుతుంటారు, పొద్దున లేచి "పడుకున్నాగా" అంటారు గానీ ఒంటికి విశ్రాంతి దక్కి ఉండదు. తలుపులన్నీ మూసి కాయిల్ వెలిగించి ఆ పొగలో పడుకోబెట్టడం కంటే తెర వెయ్యిరెట్లు నయం.

దానికి ఇంకో ప్రయోజనం ఉంది. కట్లపాము రాత్రి తిరుగుతుంది, చాప మీద పడుకున్నవాళ్ళ పక్కలోకి వస్తుంది. కరిచిన చోట పెద్దగా నొప్పి, వాపు ఉండవు. తెల్లారేసరికి కడుపునొప్పి, వాంతులు, కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం కనిపిస్తాయి. ఆ లక్షణాలుంటే మంత్రాల దగ్గర ఒక్క నిమిషం కూడా వృథా చేయకుండా 108కి ఫోన్ చేసి పాము మందు ఉన్న ఆసుపత్రికి పోవాలి. వానాకాలంలో పిల్లల్ని నేలమీద పడుకోబెట్టకండి. మంచం వేసి, తెర అంచుల్ని పరుపు కిందికి దోపండి. వేలాడే తెర ఉన్నా లేనట్టే.

టీ

సాయంత్రం నాలుగు తర్వాత పిల్లలకి టీ, కాఫీ వద్దు. టీలోని కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికే ఐదారు గంటలు పడుతుంది. చదువుకుంటున్నాడు కదా అని తొమ్మిదింటికి తల్లి ప్రేమగా ఇచ్చే కప్పు అర్ధరాత్రి దాటినా పనిచేస్తూనే ఉంటుంది. కిరాణా కొట్లలో చవగ్గా దొరికే ఎనర్జీ డ్రింకులూ ఇంతే, పైగా వాటిలో పంచదార.

తెల్లవారుజాము చదువు గురించి

ఇక్కడ పెద్దవాళ్ళతో కాస్త గొడవ తప్పదు. "నాలుగింటికి లేచి చదివితే బుర్రకెక్కుతుంది, మేమలాగే చదువుకున్నాం" అంటారు. అబద్ధం కాదు. కానీ వాళ్ళు ఎనిమిదింటికి దీపం తగ్గించి పడుకున్న రోజుల మాట అది. ఎనిమిదికి పడుకుని నాలుగింటికి లేస్తే ఎనిమిది గంటలు. మీ అబ్బాయి పదకొండుకి పడుకుని నాలుగింటికి లేస్తే ఐదు. లేచే వేళ తాతగారిది, పడుకునే వేళ మనవడిది. రెండూ కలిపి ఒకే ఒంటి మీద రుద్దుతున్నాం.

ఆ ఐదు గంటల్లో పోయేదేమిటో తెలియాలి. గాఢనిద్ర ఎక్కువగా రాత్రి మొదటి సగంలో వస్తుంది. కలలు వచ్చే నిద్ర ఎక్కువగా చివరి గంటల్లో, తెల్లవారుజామున వస్తుంది. పగలు చదివినది జ్ఞాపకంలో కుదురుకోవడానికి రెండూ కావాలి. చివరి రెండు మూడు గంటలు కోసేస్తే ముందురోజు చదివిన చదువుకే దెబ్బ. నాలుగింటికి పుస్తకం ముందు కూర్చున్న పిల్లవాడు ఒకే పేరా నాలుగుసార్లు చదువుతుంటే వాడికి తెలివి తక్కువని అనుకుంటాం.

అందుకని రెండిట్లో ఒకటి ఎంచుకోండి. మీ పిల్ల సహజంగానే పెందలాడే పడుకునేదైతే, ఎనిమిదిన్నరకి పడుకుని ఐదింటికి లేవడం బంగారంలాంటి పద్ధతి. కాకపోతే సాయంత్రమే చదివించండి. బడి నుంచి వచ్చి, ఏదైనా తిని, గంటసేపు ఆడుకుని, ఆరు నుంచి ఏడున్నర దాకా లెక్కలూ సైన్సూ. అన్నం తిన్నాక ఎనిమిది నుంచి ఎనిమిదీ నలభై ఐదు దాకా చదివినవి ఒకసారి తిరగేయడం, కొత్త పాఠం మొదలెట్టొద్దు. పొద్దున్న అరగంట, నిన్నటివి చూడకుండా రాయడం. పదో తరగతి పరీక్ష ఉదయం తొమ్మిదిన్నరకి ఉంటుంది. ఆ వేళకి బుర్ర చురుగ్గా ఉండాలి కాబట్టి పరీక్షలకి నెల ముందు నుంచే లేచే వేళ ఒకటే ఉండాలి. పరీక్షకి ముందురోజు నైట్ అవుట్ చేస్తానంటే గట్టిగా వద్దనండి, ఈ ఒక్కచోట మాత్రం బలవంతం చేయొచ్చు.

కొన్ని బళ్ళలో, హాస్టళ్ళలో జనవరి నుంచి తెల్లవారుజాము స్టడీ అవర్లు పెడతారు. రాత్రి పదిన్నర దాకా స్టడీ, మళ్ళీ ఐదింటికి స్టడీ. మీ పిల్లలు హాస్టల్లో ఉంటే తల్లిదండ్రుల సమావేశంలో ఒక్క ప్రశ్న అడగండి: "రాత్రి లైటు తీసిన దగ్గర్నుంచి పొద్దున బెల్లు కొట్టేదాకా ఎన్ని గంటలండీ?" నలుగురు తల్లులు కలిసి అడిగితే రెండిట్లో ఒక స్టడీ అవరు తగ్గుతుంది. ఫిర్యాదు చేస్తే గోడ కట్టుకుంటారు, లెక్క అడిగితే లెక్క చెప్పాలి.

ఇంట్లో ఆడపిల్ల ఉంటే ఇది తప్పక చదవండి

ఒకే ఇంట్లో అన్నకీ చెల్లికీ నిద్ర ఒకేలా ఉండదు. అన్న ఆరున్నరకి లేస్తాడు. చెల్లి ఐదింటికే లేచి వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లి ముగ్గేస్తుంది, కుళాయి వదిలితే బిందెలు పడుతుంది. రాత్రి అందరూ తిన్నాక అంట్లు తోమి, స్టవ్ తుడిచి, అప్పుడు పుస్తకం తీస్తుంది. మొదటి వారం క్యాలెండర్‌లో ఇద్దరి అంకెలూ పక్కపక్కనే వేయించండి. రోజుకి గంటన్నర తేడా కనపడితే ఆశ్చర్యపోకండి.

సరిచేసే దారులున్నాయి. రాత్రి అంట్లు ఒకరోజు చెల్లి, ఒకరోజు అన్న. వాడు తోమితే మాడు వదలదని అమ్మ నసుగుతుంది, వారంలో వదలడం నేర్చుకుంటాడు. కుళాయి రోజు విడిచి రోజు వచ్చే ఊళ్ళో ఒక డ్రమ్ము అదనంగా కొంటే పొద్దున్న బిందెల పని ఒకరోజు తప్పుతుంది. ముగ్గు ముందురోజు సాయంత్రమే వేయొచ్చు, పండగనెలలో ఎలాగూ అందరూ రాత్రే వేస్తారు కదా.

ఇంకో సంగతి. రాత్రి పడుకోగానే కాళ్ళు లాగుతున్నాయి, పాకుతున్నట్టుంది, కదిపితే గానీ ఊరుకోలేను అంటే, అది నడిచిన అలసట అని తీసిపారేయకండి. ఒంట్లో ఇనుము తక్కువైనా అలా ఉంటుంది, నెలసరి మొదలైన ఆడపిల్లల్లో ఇనుము లోపం చాలా ఎక్కువ. పీహెచ్‌సీలో రక్తపరీక్ష చేయించండి. బడిలో వారానికోసారి ఇచ్చే నీలం మాత్ర చేదని కిటికీలోంచి పారేస్తుంటారు, మింగిందో లేదో అడగండి. అన్నం తిన్న వెంటనే టీ తాగితే తిన్నదాంట్లోని ఇనుము ఒంటికి సరిగ్గా పట్టదు. చిన్నపిల్లల్లో రాత్రిపూట మలద్వారం దగ్గర దురదకి నులిపురుగులు కారణం కావచ్చు. ఫిబ్రవరిలో, ఆగస్టులో బళ్ళలో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర తప్పించొద్దు.

ఉదయం ఎండ, మధ్యాహ్నం కునుకు, ఆదివారం

లేవగానే పిల్లల్ని గదిలో ఉంచకండి. పళ్ళు తోముకోవడం, పుస్తకం చదవడం, జడ వేయించుకోవడం, ఏదైనా సరే అరుగు మీద, పావుగంట నుంచి అరగంట. టౌనువాళ్ళు పార్కుకి వెళ్ళి తెచ్చుకునే వెలుతురు మనకి వాకిట్లోనే ఉంది. రాత్రి మెలటోనిన్ వేళకి రావడానికి ఈ ఎండే మందు.

బడి నుంచి రాగానే మంచమెక్కి ఏడు దాకా పడుకునే పిల్లలకి రాత్రి పన్నెండు దాకా నిద్ర రాదు. కునుకు కావాలంటే ఇరవై ముప్పై నిమిషాలు, అదీ సెలవురోజు మధ్యాహ్నం మూడులోపు. ఆదివారం మామూలు కంటే ఒక గంట, పోనీ గంటన్నర ఆలస్యంగా లేవనివ్వండి. అంతకి మించితే సోమవారం మళ్ళీ మొదటికొస్తుంది.

మిరప కోతలు, పెళ్ళిళ్ళు, జాతర

జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిరప ఊళ్ళలో, అంతకు ముందు పత్తి తీత ఊళ్ళలో ఏ పద్ధతీ నిలవదు. అమ్మానాన్నల్ని తీసుకెళ్ళే ఆటో తెల్లవారకముందే వస్తుంది, వంట నాలుగింటికే మొదలవుతుంది, గిన్నెల చప్పుడుకి అందరూ లేస్తారు. ఆ నెలల్లో పిల్లల అన్నం ఏడింటికే పెట్టి, ఎనిమిదిన్నరకి పడుకోబెట్టడమే మార్గం. పొద్దున వంటకి కావాల్సినవి రాత్రే తీసి పెట్టుకుంటే చప్పుడూ తగ్గుతుంది. పనుల రోజుల్లో పిల్లని బడి మాన్పించి కోతకి తీసుకెళ్ళడం గురించి నేను చెప్పేదేముంది, మీకే తెలుసు.

మైకుల విషయానికొస్తే, 2000 సంవత్సరం నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదు. పండగలకి ఏడాదిలో 15 రోజులకి మించకుండా అర్ధరాత్రి దాకా అనుమతివ్వడానికి ప్రభుత్వానికి వీలుంది. ఫిర్యాదుకి ఫోన్ చేయొచ్చు గానీ, ఊళ్ళో ఫోన్ చేసినవాడి పేరు జీపు రాకముందే అందరికీ తెలిసిపోతుంది. మార్చిలో పరీక్షలుండగా జాతర ఉంటే కమిటీ పెద్దల్ని ముందే కలిసి, స్పీకర్లు ఇళ్ళవైపు కాకుండా చెరువువైపు తిప్పమని, పదింటికి ఆపమని అడగండి. పదో తరగతి పిల్లలున్న ఇళ్ళు ప్రతి వీధిలోనూ ఉంటాయి, కమిటీవాళ్ళ ఇళ్ళలోనూ.

ఒక రాత్రి పాడైతే పాడైంది. మర్నాడు మధ్యాహ్నం దాకా పడుకోనివ్వకుండా గంట ఆలస్యంగా లేపి, చిన్న కునుకు తీయించి, రాత్రి కాస్త పెందలాడే పడుకోబెట్టండి. రెండు రోజుల్లో దారిలో పడుతుంది.

"గుండెల మీద ఎవరో కూర్చున్నారు"

ఈ వయసు పిల్లలు చెప్పడానికి భయపడే సంగతి ఒకటుంది. తెల్లవారుజామున మెలకువ వస్తుంది, కళ్ళు తెరుచుకుంటాయి, గదిలో ఫ్యానూ మంచం కోడూ కనిపిస్తుంటాయి. చెయ్యి మాత్రం కదలదు, అరుద్దామంటే గొంతు పెగలదు. గుండెల మీద ఏదో బరువు, గుమ్మంలో ఎవరో నిలబడ్డట్టు. నిమిషమో రెండు నిమిషాలో ఉండి పోతుంది. ఇంట్లో చెబితే గాలి సోకిందంటారు, తాయెత్తు కడతారు, కొన్నిచోట్ల వేపమండలతో కొట్టిస్తారు కూడా.

అది నిద్రలో వచ్చే పక్షవాతం. కలలు వచ్చే నిద్రలో మనం కలని బట్టి లేచి పరిగెత్తకుండా మెదడు ఒంటిని కట్టేసి ఉంచుతుంది. ఆ కట్టు విడిపోకముందే మెలకువ వస్తే ఇలా అవుతుంది, కల కూడా సగం కళ్ళ ముందు ఉంటుంది. ప్రమాదం లేదు. నిద్ర చాలనప్పుడు, వేళలు తప్పినప్పుడు, వెల్లకిలా పడుకున్నప్పుడు ఎక్కువగా వస్తుంది. పిల్లకి ఇదంతా పగటిపూట నెమ్మదిగా చెప్పండి. వచ్చినప్పుడు అరవడానికి ప్రయత్నించకుండా ఒక కాలి బొటనవేలు కదపడం మీద ధ్యాస పెట్టమనండి, నెమ్మదిగా ఊపిరి తీసుకోమనండి. పక్కకి తిరిగి పడుకోమనండి. తాయెత్తు కడితే నాయనమ్మకి నిమ్మళం అంటే కట్టనివ్వండి, మండలతో కొట్టనివ్వకండి. నిద్ర గంటలు పెరిగితే చాలామందిలో ఇది దానంతటదే తగ్గుతుంది.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు

మూడు నాలుగు వారాలు ఇవన్నీ చేశాక కూడా మార్పు లేకపోతే, లేదా మొదటిరోజే ఈ కింది వాటిలో ఏదైనా కనిపిస్తే ఆగకండి. దాదాపు రోజూ గురక పెట్టడం, గురక మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేవడం, నోరు తెరిచి పడుకోవడం: టాన్సిల్సో ముక్కు వెనక కండో పెరిగి ఉండొచ్చు, చెవి ముక్కు గొంతు డాక్టరుకి చూపించాలి. నిద్రలో కాళ్ళూచేతులూ కొట్టుకోవడం, నాలుక కరుచుకోవడం, పక్క తడపడం ఉంటే మూర్ఛ కాదని తేల్చుకోవాలి. వీలైతే పక్కనున్నవాళ్ళు ఫోన్లో వీడియో తీసి డాక్టరుకి చూపిస్తే సగం పని అయిపోయినట్టే. ఎనిమిది తొమ్మిది గంటలు పడుకున్నా పగలు మాట్లాడుతూనే నిద్రలోకి జారిపోతుంటే అదీ చూపించాల్సిందే.

నిద్ర పట్టకపోవడంతో పాటు పిల్ల అన్నం మానేసి, స్నేహితుల్ని మానేసి, ఊరికే ఏడుస్తుంటే, బతకాలని లేదన్న మాట ఏ రూపంలో అన్నా, నిద్ర సంగతి పక్కన పెట్టి ఆ మాట వినండి. ఒంటరిగా వదలకండి. టెలీ మానస్ నంబరు 14416, ఏ వేళైనా ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పిల్లలే నేరుగా చేసుకోవచ్చు, మీరూ చేసి ఏం చేయాలో అడగొచ్చు.

మందుల షాపులో చీటీ లేకుండా నిద్రమాత్రలు మాత్రం తేవద్దు. ఊళ్ళో ఆర్‌ఎంపీ ఇచ్చినా వద్దు. అల్ప్రజోలం లాంటివి కొద్దిరోజుల్లోనే అలవాటవుతాయి, మానేస్తే ఉన్న నిద్ర కూడా పోతుంది. జలుబు మాత్ర వేస్తే మగతగా పడుకుంటుందని రోజూ సగం మాత్ర ఇచ్చే తల్లులున్నారు. మగత వేరు, నిద్ర వేరు. పొద్దున్న బడిలో ఆ మగత అలాగే ఉంటుంది. ఇప్పటికే అలాంటిదేదైనా వాడుతుంటే ఒక్కసారిగా ఆపకుండా ఆ మాత్రల అట్ట పట్టుకుని పీహెచ్‌సీ డాక్టరు దగ్గరికి వెళ్ళండి, ఎలా తగ్గించాలో ఆయన రాసిస్తారు.